పరగడుపున రమ్మన్న పాప

ఆ గొట్టాన్ని కడిగే పని నాది. రాజమండ్రిలో నేను పనిచేసిన ఛాతీ ఆస్పత్రికి పిల్లల ఊపిరితిత్తుల్లోకి చూసే సన్న గొట్టం వచ్చిన కొత్తలో దాన్ని ముట్టుకునే హక్కు ఇద్దరికే ఉండేది, డాక్టరు గారికీ నాకూ. ఆయన దాన్ని పిల్లల ముక్కులోంచి లోపలికి పంపి చూసేవారు. బయటికి వచ్చాక నేను సబ్బునీళ్లలో కడిగి, లోపలి రంధ్రంలోకి పొడుగాటి బ్రష్షు దూర్చి తోమి, కళ్లు మండించే మందునీళ్లలో గడియారం చూసి నానబెట్టి, మళ్లీ శుభ్రమైన నీళ్లతో కడిగి ఆరబెట్టి, బీరువాలో నిలువునా వేలాడదీసేదాన్ని. ఒక పిల్లవాడి జబ్బును ఆ గొట్టం ఇంకో పిల్లవాడికి మోసుకుపోకూడదు, అదీ సంగతి. ఒకసారి కొత్తగా చేరిన ఆయా దాన్ని తాడులా చుట్టి పెట్టబోతే నేను అరిచిన అరుపుకి కింద మందుల షాపు వాళ్లు మెట్లెక్కి వచ్చారు.

నా నోరు అలాంటిది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దే" అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేది. నేను చెవిన పెట్టలేదు. ఆస్పత్రిలో పనులు సవ్యంగా జరిగేది నా నోటి వల్లేనని నా నమ్మకం. డాక్టరు గారు మెత్తటి మనిషి. పిల్లల డాక్టరుగా చదివి, తర్వాత మద్రాసులో ఈ గొట్టం పని నేర్చుకుని వచ్చారు. కసరాల్సిన పని పడితే "సిస్టరు గారూ, మీరు చూసుకోండి" అని గదిలోకి వెళ్లిపోయేవారు. నేను చూసుకునేదాన్ని.

దాన్ని బ్రాంకోస్కోపు అంటారు. పెద్దవాళ్లకు వాడేది చిటికెన వేలంత లావు ఉంటుంది. పిల్లలది కొబ్బరిబోండాంలో వేసుకునే స్ట్రా కన్నా సన్నం. ఎటు కావాలంటే అటు వంగుతుంది, చివర చిన్న దీపం ఉంటుంది. తల్లిదండ్రులు "గొట్టం" అన్న మాట వినగానే బోరింగు గొట్టాన్ని ఊహించుకుని బెదిరిపోయేవారు. అందుకని ముందే దాన్ని చూపించేవాళ్లం. గింజో బొత్తామో ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటే తీయడానికి వేరే ఇనప గొట్టం ఉంది, అది నిటారుగా ఉంటుంది, దానికి పూర్తి మత్తు కావాలి. అలాంటి పిల్లల్ని విశాఖపట్నం పంపేసేవాళ్లం. మా గొట్టం చూడటానికి, కొంచెం కళ్లె తీసి పరీక్షకు పంపడానికి. తేలికపాటి మత్తు ఇస్తే పిల్ల తన ఊపిరి తాను తీసుకుంటూనే ఉంటుంది, డాక్టరు గారు ఆ ఊపిరి దారి కదలికలు చూస్తారు. ముక్కులోంచి ఒక చుక్క రక్తం రావచ్చు, ఒకరోజు గొంతు బొంగురుపోవచ్చు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడొచ్చు, మధ్యలో ఊపిరి తగ్గితే గొట్టం బయటికి తీసేసి ఆక్సిజన్ పెడతాం. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పేవారు.

నేను చెప్పేది ఒకటే, పరగడుపు. మత్తులో ఉన్న పిల్లకు వాంతి వస్తే గొంతుకు అడ్డుకునే తెలివి ఉండదు. కడుపులోది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిండి పెట్టి ఆరు గంటలు దాటాలి, నీళ్లైనా రెండు గంటలు దాటాలి. ఈ మాట చెప్పడం తేలిక, జనం చేత చేయించడం కష్టం. మనవాళ్లకి టీ తాగడం తినడం కిందికి రాదు. బిస్కట్టు అసలు లెక్కే కాదు. ఒక తాతగారు మనవడికి ఇడ్లీ పెట్టి, "ఒక్క ఇడ్లీయేనండి, ఆవిరి మీద ఉడికిందే కదండీ" అన్నారు. అలాంటివాళ్లను పట్టుకోవడంలో నాకు పేరు. వచ్చీ రాగానే పిల్లల నాలుక చూసేదాన్ని, చొక్కాల మీద మరకలు చూసేదాన్ని, నోరు వాసన చూసేదాన్ని. దొరికారా, ఇక వాళ్ల పని అయినట్టే.

కొత్త శతాబ్దం వచ్చి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. కడియం పక్కనుంచి ఒక పాపను తీసుకొచ్చారు. నాలుగేళ్లుంటాయి. పుట్టిన నెలలోనే పిల్లికూతలు మొదలయ్యాయట. ఉబ్బసం అన్నారు, సిరప్పులు తాగించారు, ఆవిరి మందులు పట్టించారు. ఇంకొకరు టీబీ అని ఆరు నెలలు బిళ్లలు మింగించారు. అవి మింగి మింగి పిల్ల అన్నం మానేసింది గానీ కూత మానలేదు. బడికి పంపితే "ఆయాసం పిల్లని మేం చూసుకోలేం" అని పంతులమ్మ తిప్పి పంపేసింది. తల్లి నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే పని చేసేది. వేళ్ల కొసలు చీలి, నల్లగా ఉండేవి. తండ్రి మొక్కల లారీలతో పాటు పొరుగు రాష్ట్రాలకు వెళ్లేవాడు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. ఇంటి పెత్తనమంతా అతని తల్లిది.

ఆ పెద్దావిడకు గొట్టం వేయించడం ఇష్టం లేదు. మా ఎదుటే కోడలితో, "పసిదాని గొంతులో గొట్టం దింపుతారంట, నువ్వు తగుదునమ్మా అని తలూపుతున్నావు" అంది. కోడలు గొంతు పెంచలేదు. "చూడకుండా మందులేసి నాలుగేళ్లయిందండి. ఒక్కసారి లోపలేముందో చూడనివ్వండి" అంది. అత్తను కూడా అండి అనే పిలిచేది. చివరికి ఆమె మాటే నెగ్గింది. పరీక్షకు రోజు పెట్టాం.

ఆ ముందురోజు మా అక్క కొడుకూ కోడలూ అన్నవరంలో వ్రతం చేసుకుంటే నేను కూడా వెళ్లాను. కొత్త దంపతులు కదా అని ప్రసాదం పొట్లాలు సంచి నిండా కొన్నారు. నా వాటా ఒక పెద్ద కవరు వచ్చింది. ప్రసాదం తెచ్చుకున్నవాళ్లు దాచుకోకూడదు, కనబడిన వాళ్లందరికీ పంచాలి. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళుతూ కవరు పట్టుకెళ్లాను. వాచ్‌మన్‌కు ఇచ్చాను, ఆయాకు ఇచ్చాను. మాతో పనిచేసే ఇద్దరు సిస్టర్లు చర్చికి వెళ్లేవాళ్లు. "మాకొద్దు సిస్టర్" అని నవ్వుతూ చెప్పేవారు, నేనూ ఏమీ అనుకునేదాన్ని కాదు.

పాపనూ తల్లినీ అత్తగారినీ ఏడు గంటలకే చూశాను. నాలుక చూశాను, వాసన చూశాను, గౌను చూశాను. రాత్రి ఎనిమిది నుంచి ఏమీ పెట్టలేదంది తల్లి. నిజమే చెప్పింది. కేసు షీటులో టిక్కు పెట్టాను. అత్తగారు టీ తాగి వస్తానని కిందికి వెళ్లింది. ఒక గంట తర్వాత వరండాలోంచి వెళుతుంటే తల్లి బెంచీ మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు జాలేసింది. నోరు చెడ్డదాన్నే గానీ జాలి లేనిదాన్ని కాదు. కవరులోంచి ఒక పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"భయపడకమ్మా. సత్యనారాయణస్వామి ప్రసాదం. అంతా మంచే జరుగుద్ది" అన్నాను.

ఆమె రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. నేను లోపలికి వెళ్లి బల్ల మీద సామాను సర్దుకున్నాను.

ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఇడ్లీకీ బిస్కట్టుకూ అంతగా ఎగిరిపడేదాన్ని, ఆ పొట్లంలో ఉన్నది గోధుమ నూకా, బెల్లమూ, నెయ్యీ అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మా ఇంట్లో శనివారం ఉపవాసం ఉన్న రోజు కూడా ఎవరైనా ప్రసాదం ఇస్తే నోట్లో వేసుకుంటాం. కాదంటే పాపం. దాన్ని తిండి లెక్కలో నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వేయలేదు. తర్వాత తెలిసింది, ఆ తల్లి పాప నోట్లో ముందు గోరంత పెట్టింది. పాప రాత్రి నుంచి ఆకలి మీద ఉంది. ఇంకా కావాలంది. ఇస్తున్నది దేవుడి ప్రసాదం, చేతికిచ్చింది సాక్షాత్తూ సిస్టరు. సగం పొట్లం తినిపించింది.

తొమ్మిదిన్నరకు పిలుపు వచ్చింది. తలుపు దగ్గర పాపను అందుకుంటూ నేను ఎప్పుడూ అడిగేట్టే అడిగాను.

"ఏమీ పెట్టలేదుగా?"

"ఆయ్, లేదండి" అంది.

ఆ ప్రశ్న ఎలా ఉందో చూడండి. అడుగుతున్నట్టు ఉంటుంది గానీ, జవాబు కూడా నేనే చెప్పేసి తలూపమన్నట్టు ఉంటుంది. ఆ గొంతుకు లేదండి అనక ఇంకేమంటారు?

మత్తు డాక్టరు గారు పెద్దావిడ, బాగా అనుభవం ఉన్న మనిషి. చేతికి సూది పెట్టి కొంచెం కొంచెంగా మందు ఎక్కించారు. పాప కళ్లు మూతలు పడ్డాయి. కాలి వేలికి క్లిప్పు పెట్టాం, మెషీను ఆక్సిజన్ తొంభై ఏడు చూపిస్తూ టిక్కుటిక్కుమంటోంది. ఒక ముక్కులో ఆక్సిజన్, రెండో ముక్కులో తిమ్మిరి మందు. నేను తల పట్టుకున్నాను. డాక్టరు గారు గొట్టం ముక్కులోంచి గొంతు దాకా దింపి, కన్ను ఆనించి చూస్తున్నారు. అప్పుడు పాప ఒళ్లు ఒక్కసారి విరుచుకుంది. డొక్కలు ఎగిరాయి. నోట్లోంచి గోధుమరంగు ముద్ద వచ్చింది, నెయ్యి వాసన గదంతా కొట్టింది.

డాక్టరు గారు గొట్టం లాగేశారు. మత్తు డాక్టరు గారు పాపను పక్కకు తిప్పి తల కిందికి వంచి, "సక్షన్!" అన్నారు. నోట్లోది పీల్చేసే గొట్టం అందించాను. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. మెషీను టిక్కుటిక్కు నెమ్మదించి, గొంతు దిగిపోతూ వచ్చింది. ఎనభై, డెబ్బై, అరవై రెండు. పాప పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఆవిడ గొంతులోకి ఊపిరి గొట్టం వేసి లోపలిదంతా లాగారు, గాలి పంపే బ్యాగు నొక్కారు. ఎంతసేపు నొక్కారో నాకు తెలియదు. ఆ తర్వాత అంకెలు మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాయి. సక్షన్ సీసాలో గోధుమ నూక అడుగున పేరుకుంది. అది చూడగానే ఏమిటో నాకు తెలిసిపోయింది. ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పాప నిలదొక్కుకున్నాక డాక్టరు గారు వరండాలోకి వచ్చారు. వెనక నేను. అత్తాకోడళ్లు ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"పాపకేం పెట్టారమ్మా?" అన్నారాయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

తల్లి నావైపు చూసింది. "ప్రసాదమండి" అంది.

"ఎవరిచ్చారు?"

ఆమె మళ్లీ నావైపు చూసింది. నేను నోరు తెరవలేదు. "నా దగ్గరే ఉందండి. నేనే పెట్టానండి" అంది.

తేలు కుట్టిన దొంగ అని ఊరికే అనలేదు. కుట్టిన చోట మండుతూ ఉంటుంది, అరవడానికి ఉండదు. నేను అంతకంటే ఘోరం చేశాను. డాక్టరు గారు అలవాటుగా నావైపు తిరిగారు, మీరు చూసుకోండి అన్నట్టు. నేను చూసుకున్నాను. "లక్షసార్లు చెప్పాను కదమ్మా, ఏమీ పెట్టొద్దని! చెవులున్నాయా నీకు? పిల్ల ప్రాణం పోయుంటే ఎవరిది పూచీ?" అన్నాను. నా గొంతు నాకే వినిపిస్తోంది. ఆమె తల వంచుకుని విన్నది.

అత్తగారికి ఇంకేం కావాలి? "గొట్టం వేయించాలని పట్టుబట్టింది నువ్వు. చంపబోయింది నువ్వు. నువ్వు కన్నతల్లివేనా? ఇంకోసారి దాని నోటికి నీ చెయ్యి తగలడానికి వీల్లేదు" అంది. ఆవిడ ఊరికే అనలేదు. అన్నంత పనీ చేసింది.

పాప ఆరు రోజులు మా దగ్గరే ఉంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి తెల్లబడి, జ్వరం వచ్చి, నెమ్మదిగా తేరుకుంది. ఆ ఆరు రోజులూ మంచం పక్కన అత్తగారే కూర్చుంది. పాలు ఆవిడే తాగించింది, అన్నం ఆవిడే పెట్టింది, రాత్రి పక్కన ఆవిడే పడుకుంది. తల్లి వరండాలో బెంచీ మీద ఉండేది. గుడ్డలు ఉతికేది, ఫ్లాస్కు నింపుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టేది. పాప అమ్మా అని ఏడిస్తే గుమ్మం దాకా వచ్చి, అత్తగారి చూపు చూసి ఆగిపోయేది. నేను లోపలినుంచి వస్తే, "పాప తిందా అండి?" అని అడిగేది. "తింది" అనేదాన్ని. అంతే మా మాటలు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు అలా ఎందుకు చెప్పావమ్మా?"

ఆమె ఏ మాత్రం తడుముకోలేదు. "మీకు కోపమొస్తే పాపని సరిగ్గా చూడరేమోనని అండి" అంది.

"ఎందుకు చూడం?" అన్నాను. డాక్టరు గారికి నేను చెప్తాలే అనాల్సింది. అనలేదు.

నాకు నేను చెప్పుకున్న సాకులు చాలా ఉన్నాయి. పాప బాగానే ఉంది కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఇది బయటపడితే ఈ గొట్టం ఇంకొకరి చేతికి పోతుంది అనుకున్నాను. ఇడ్లీ తాతగారిని ఉతికి ఆరేసినదాన్ని రేపు ఎవరు లెక్కచేస్తారు అనుకున్నాను. భయం ఉంది, పరువు ఉంది. రెండూ కలిసి నోరు నొక్కేశాయి. డాక్టరు గారు పెద్ద అట్ట ఒకటి తెప్పించి, "మీ అక్షరాలు బాగుంటాయి, రాయండి" అని నా చేతే రాయించారు. పరీక్షకు వచ్చే పిల్లలకు అన్నం, టిఫిను, పాలు, బిస్కట్లు, ప్రసాదం ఏవీ పెట్టరాదు. ప్రసాదం అన్న మాట దగ్గర స్కెచ్ పెన్ను ఆగింది. అయినా గుండ్రంగా రాసి గోడకు తగిలించాను.

పాపను ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు తండ్రితో మాట్లాడారు. లారీ దిగి తిన్నగా ఆస్పత్రికే వచ్చాడతను. ఛాతీ శుభ్రపడ్డాక మళ్లీ ఒకసారి చూడాలనీ, చూడకపోతే ఆ మందులు అలా గుడ్డిగా వాడుతూనే ఉండాల్సి వస్తుందనీ చెప్పారు. అతను చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. తల్లి అతనికి ఏం చెప్పుకుందో నాకు తెలియదు. అతను కూడా ఆమెతో మాట్లాడుతున్నట్టు కనబడలేదు. పాపను అత్తగారు ఎత్తుకుంది, కోడలు సంచీలు మోసుకుంటూ వెనక నడిచింది.

పదహారు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. అదే వరస. పాప అత్తగారి చంకలో, తల్లి రెండడుగులు వెనక. తండ్రి లారీ మీద ఉన్నాడు. ఈసారి రాత్రంతా పాపను తన గదిలోనే, తలుపు గడియ వేసి పడుకోబెట్టుకున్నానని అత్తగారు గర్వంగా చెప్పింది. తల్లి వైపు చూశాను. బాగా చిక్కిపోయి ఉంది.

మత్తు ఇచ్చే గది గుమ్మం దగ్గర గొడవ మొదలైంది. నిద్ర పట్టేదాకా పిల్లను తల్లే ఎత్తుకోవాలని మా పద్ధతి. అత్తగారు ఒప్పుకోలేదు. "దాని చేతికి ఇవ్వనండి. నేనే ఎత్తుకుంటాను" అంది. పాప ఆ గది చూడగానే గుర్తుపట్టింది. అత్తగారి చంకలోంచి తల్లి వైపు చేతులు చాచి ఏడుపు లంకించుకుంది. ఏడ్చేకొద్దీ కూత పెరిగింది, మెడ దగ్గర గుంటలు పడ్డాయి, ముక్కు నిండా చీమిడి. క్లిప్పు పెడితే అంకె తొంభై దగ్గర ఊగుతోంది. మత్తు డాక్టరు గారు సిరంజి పళ్లెంలో పెట్టేశారు.

"ఇలా ఏడుస్తుంటే నేను మందు ఇవ్వను. మొన్న ఒకసారి చూశాం చాలు. ఏడుపు ఆపండి, లేకపోతే ఇంటికి తీసుకెళ్లిపోండి" అన్నారు.

"పోనీ వద్దులెండి. మాకు ఈ గొట్టాలూ వద్దు, ఏమీ వద్దు" అని అత్తగారు వెనక్కి తిరిగింది.

తల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టుంది. ఆ పెద్దావిడ గుమ్మం దాటితే పాప మళ్లీ ఆ బిళ్లలకే పోతుంది. ఇది జరగకుండా ఆపగలిగేది ఆ గదిలో నేనొక్కదాన్నే.

"ఆ ప్రసాదం ఇచ్చింది నేనండి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. "అన్నవరం వెళ్లొచ్చి పొట్లాలు పంచాను. పరీక్ష ముందు ఈవిడ చేతిలో నేనే పెట్టాను. తినిపించొద్దని చెప్పలేదు. నాకు తట్టలేదు. ఈవిడ నన్ను కాపాడటానికి తన మీద వేసుకుంది. నేను నోరు మూసుకున్నాను. పైగా అందరి ముందూ తిట్టాను."

డాక్టరు గారు నావైపు చూశారు. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ ఉంది. "తర్వాత మాట్లాడదాం" అన్నారు. అత్తగారు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, కోడలి వైపు తిరిగింది. పాపను చంకలోంచి దించి ముందుకు చాచింది. తల్లి అందుకుంది. పాప తల్లి మెడ పట్టుకుని కరుచుకుపోయింది. కాసేపు ఎక్కిళ్లు పెట్టి, ఆమె జాకెట్టు గుప్పిట్లో పట్టుకుని ఊరుకుంది.

నేను మళ్లీ అడగాలి. అది నా పని. ఈసారి వేరేగా అడిగాను. "రాత్రి నుంచి పాప నోట్లోకి ఏమేం వెళ్లాయో అన్నీ చెప్పండి. నీళ్లు, మందు, చాక్లెట్టు, ఏదైనా సరే. ఎవరూ కోప్పడరు." అత్తగారు గొణిగినట్టు, "తెల్లారగట్ట నాలుగింటికి రెండు గుక్కలు మంచినీళ్లు తాగింది" అంది. అవి తాగి అప్పటికే ఐదు గంటలు దాటింది కాబట్టి ఫర్వాలేదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న అలాగే అడిగాను. నేను అడిగాక ఇంకొకరు కూడా మళ్లీ అడగాలని డాక్టరు గారు పద్ధతి పెట్టారు.

పరీక్ష పది నిమిషాలు కూడా పట్టలేదు. డాక్టరు గారు చూసి, మత్తు డాక్టరు గారిని పిలిచి చూపించారు, నన్ను కూడా చూడమన్నారు. ఎడమవైపు పోయే గాలి గొట్టం గోడ మెత్తగా ఉంది. పాప ఊపిరి వదిలినప్పుడల్లా తడిసిన కాగితపు సంచిలా ముడుచుకుంటోంది, పీల్చినప్పుడు తెరుచుకుంటోంది. కూత అక్కడినుంచి వస్తోంది. ఎక్స్‌రేలో అది కనబడదు, ఊపిరి ఆడుతుండగా చూస్తేనే తెలుస్తుంది. తీసిన కళ్లెలో టీబీ లేదని తర్వాత రిపోర్టు వచ్చింది. పాప పెరిగేకొద్దీ ఆ గోడ గట్టిపడుతుందనీ, జలుబు చేసినప్పుడు జాగ్రత్తగా చూసుకుంటే చాలనీ, ఇన్నాళ్లూ వాడిన మందులు ఇక అక్కర్లేదనీ డాక్టరు గారు వాళ్లకు బొమ్మ గీసి చెప్పారు. అత్తగారు ఆ కాగితం అడిగి తీసుకుని మడిచి చెంగున కట్టుకుంది.

సాయంత్రం పాపను పడుకోబెట్టిన గదికి వెళ్లాను. తల్లి ఒక్కతే ఉంది. పాప ఆమె పక్కలో, ఆమె చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. నా మనసు తేలికగా ఉంది, దాచడమెందుకు. నిజం చెప్పాను, పరీక్ష జరిగింది, మంచి కబురు వచ్చింది. ఆమె నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. క్షమించమని అడుగుదామనే వెళ్లాను.

ఆమె నవ్వలేదు. లేవబోయింది, వద్దని సైగ చేశాను. తనే అంది.

"ఇరవై రెండు రోజులండి. రాత్రిళ్లు గోడవతల నాకోసం ఏడుస్తుంటే ఇవతల కూచుని వినేదాన్ని. మీరు ఆ రోజే చెప్పుంటే నా పిల్ల నా పక్కలో పడుకునేది కదండీ."

గొంతు పెంచలేదు. నేను నిలబడే ఉన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె "ఫర్వాలేదండి" అనేస్తుంది. ఆ మాట ఆమె చేత అనిపించుకునే ముఖం నాకు లేకపోయింది.